ఉమ్మడి ఇల్లు – ఒక్కరి అప్పు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెంటికీ అప్పు తప్పదు. అప్పుకు హామీగా మనబోటి ఉద్యోగుల చేతిలో ఉండేది ఇల్లొక్కటే. ఆ ఇల్లు అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఉమ్మడిదైతే సంతకం ఎవరు చేయాలి? ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. దీనికి సుమారు తొమ్మిది వందల ఏళ్ల చరిత్ర ఉన్నది.

మన కాకతీయులు తొలుత హనుమకొండ నుండి పాలించిన కాలంలో కల్యాణి చాళుక్యులకు సామంతులు. ఆ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలోనే విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి 'మితాక్షర' అనే వ్యాఖ్యానం రచించినాడు. 13వ శతాబ్దంలో కేతన దానిని 'విజ్ఞానేశ్వరీయము' పేర తెలుగు చేసినాడు. పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు వస్తుందన్నది ఆ శాస్త్రం. అయితే ఆపద వచ్చినప్పుడు, కుటుంబ పోషణకు, ధర్మకార్యానికి స్థిరాస్తిని ఒక్కరే తాకట్టు పెట్టవచ్చునని కూడా అందులోనే ఉన్నది. ఇంటి యజమాని ఒక్క సంతకంతో అందరి వాటాలూ అప్పుకు కట్టుబడే పద్ధతికి మూలం ఇదే. ఆడపిల్లల సంతకం ఊసే లేదు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తండ్రి స్వార్జితానికి వీలునామా వ్రాయకుండా పోతే భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలన్నది. కానీ అదే చట్టంలోని 23వ సెక్షను ఒక మెలిక పెట్టింది. కుటుంబం నివసిస్తున్న ఇంట్లో కొడుకులు తమలో తాము పంచుకొనే దాకా కూతురు పంపకం అడుగరాదు. వాటా ఉన్నది గాని అడిగే నోరు లేదన్న మాట.

ఈ మెలిక నాకు అనుభవపూర్వకంగా తెలిసింది. గిర్మాజీపేటలోని మా ఇల్లు నాయన తన సంపాదనతో కట్టినది. అమ్మ ముందే పోయింది. 1981లో నాయన పోయిన తర్వాత ఇంటి పన్ను రశీదు నా పేర మారింది. ఇల్లే నాదైనట్లు భావించుకొన్నాను. 1988లో పైన రెండు గదులు వేయడానికి అప్పుకు దరఖాస్తు పెట్టాను. అధికారి కాగితాలు చూసి, "పన్ను రశీదు పన్ను కట్టినందుకే సార్. మీ తమ్ముడు, చెల్లెలు సంతకాలు చేయాలె" అన్నాడు. పంపకం అడుగ వీలులేని చెల్లె, సంతకం పెట్టకపోతే మాత్రం నా అప్పు ముందుకు కదలదు!

చెల్లె కరీంనగరు నుండి వచ్చింది. కాగితాలు ముందు పెట్టుకొని ఒక్క మాట అడిగింది: "అన్నా, నీ కిస్తీలు ఆగితే పోయేది ఎవరి ఇల్లు?" నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె మరి మాట్లాడక సంతకం చేసింది. ఆ గదుల్లో ఆమె ఒక్కనాడూ ఉండబోదు, ఆ డబ్బులో పైసా ముట్టలేదు. అయినా తన వాటా నా జీతం మీద నమ్మకంతో తాకట్టులో పెట్టింది. ఆ మాట చెవిలో మోగుతుంటే పదకొండేళ్లు కిస్తీ తప్పలేదు. 1999లో గ్రాట్యుటీ చేతికి రాగానే మిగిలిన బాకీ తీర్చి దస్తావేజులు విడిపించుకొన్నాను.

ఇంతలో చట్టం మారుతూ వచ్చింది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుక హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం ఆనాటి ఆంధ్రప్రదేశ్. అది 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించింది, అప్పటికే పెళ్లయినవారికి మాత్రం లేదు. 2005 సెప్టెంబరు 9 నుండి పెళ్లితో నిమిత్తం లేకుండా దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది. 23వ సెక్షను రద్దయింది. ఆనాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. మన ముస్లిం సోదరుల ధర్మశాస్త్రంలో పుట్టుక హక్కు లేదు. మరణానంతరం కూతురితో సహా వారసులకు నిర్ణీత వాటాలు వస్తాయి. ఎవరి ఇంట్లోనైనా ఒకరి సంతకంతో పని జరిగే రోజులు పోయాయి.

ఒక వాటాదారు తన వాటా మట్టుకు తాకట్టు పెట్టుకోవచ్చును గదా అని కొందరంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అందుకు అడ్డు చెప్పదు. కానీ ఆ వాటా కొన్న పరాయివాడు కుటుంబంతో పాటు ఇంట్లో కాపురముండే హక్కు పొందడు. పైగా అతడు పంపకానికి దావా వేస్తే ఆ వాటాను తామే కొనుక్కొనే హక్కు 1893 నాటి విభజన చట్టం కుటుంబీకులకు ఇచ్చింది. అట్టి వాటాను నమ్మి అప్పిచ్చేవారు అరుదు. అందుకే అందరి సంతకాలూ అడుగుతారు. 2002 నాటి చట్టం ప్రకారం మొండి బాకీకి 60 రోజుల నోటీసు తర్వాత, దావా లేకుండానే బ్యాంకు ఇంటిని స్వాధీనపరచుకోగలదు. సొమ్ము ముట్టని వాటాదారుకు కూడా మినహాయింపు లేదు. చెల్లె అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

వృద్ధులు ఇంటిపై నెలనెలా సొమ్ము పొందే రివర్స్ మార్ట్‌గేజ్ పథకం 2007లో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు మార్గదర్శకాలతో మొదలైంది. అదీ 60 ఏళ్లు నిండినవారి స్వార్జితమై, వారు నివసిస్తున్న ఇంటికే. పంచుకోని పిత్రార్జితానికి వర్తించదు.

కనుక మిత్రులారా, మనం కళ్లు తెరిచి ఉండగానే ఇంటి కాగితాలు సరిచేయడం పిల్లలకు మనమిచ్చే పెద్ద ఆస్తి. వీలునామా వ్రాయండి, లేదా పంపకపు దస్తావేజు రిజిస్టరు చేయించండి. ఇతరుల అప్పుకు సంతకం చేసేముందు పత్రం పూర్తిగా చదివించుకోండి. కూతుళ్లను పిలిపించి ఎదుట కూర్చోబెట్టుకొని మాట్లాడండి.

2000లో మేము ముగ్గురం పంపకం చేసికొన్నాము. ఇంటికి వెల కట్టించి, చెల్లె వాటా సొమ్ము తమ్ముడూ నేనూ కలిసి ఇచ్చాము. ఆమె వద్దన్నది. "నీ సంతకానికి అప్పుడు విలువ ఉన్నప్పుడు నీ వాటాకు ఇప్పుడు లేకుండా ఎట్ల పోతది?" అన్నాను. అప్పుడు తీసుకొన్నది.