వాహనాల వెనుక ఇండికేటర్ల రంగు

వెనుక ఇండికేటర్లు అనగా కారు, బస్సు, లారీ వంటి మోటారు వాహనాల వెనుక భాగంలో కుడి ఎడమల అమర్చబడి, వాహనం ఏ వైపునకు తిరగబోతున్నదో వెనుక వచ్చేవారికి వెలుగుతూ ఆరుతూ తెలియజేసే దీపాలు. వాడుకలో వీటిని సైడు ఇండికేటర్లు అని కూడా అంటారు. భారతదేశంతో సహా ప్రపంచంలోని అత్యధిక దేశాలలో ఇవి అంబర్ రంగులో ఉండడం తప్పనిసరి. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా వంటి కొన్ని దేశాలలో అంబర్ గాని, ఎరుపు గాని వాడవచ్చును. బ్రేకు లైటు ఎక్కడైనా ఎరుపే. మలుపును సూచించే దీపం కూడా ఎరుపే అయితే ఈ రెండింటినీ వేరుచేసి గుర్తించడంలో ఆలస్యం జరుగుతుందా, ఆ ఆలస్యం ప్రమాదాలకు దారితీస్తుందా అనేవి ఈ విషయంలో ముఖ్యమైన ప్రశ్నలు.

అంబర్ రంగు

అంబర్ అనగా తృణమణి అనే శిలాజ జిగురు. దాని రంగును బట్టి పసుపుకు, నారింజకు నడుమనున్న రంగుకు ఈ పేరు వచ్చినది. తెలుగులో "పచ్చ" అనే మాట కొన్ని ప్రాంతాలలో పసుపుకు, మరికొన్నింట ఆకుపచ్చకు చెల్లుతుంది. కనుక ఈ రంగును పచ్చ అనుటకన్నా నారింజ పసుపు అనుట మేలు. అంబర్ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 590 నానోమీటర్లు. ఎరుపు కాంతిది 620 నానోమీటర్లకు పైన ఉంటుంది. పగటి వెలుగులో మానవ నేత్రం 555 నానోమీటర్ల ప్రాంతంలోని కాంతిని అన్నింటికన్నా బాగా గ్రహిస్తుంది. అందువలన సమాన శక్తి గల రెండు కాంతులలో అంబర్ కాంతి ఎరుపుకన్నా ప్రకాశవంతంగా కనిపిస్తుంది.

చరిత్ర

తొలినాళ్ళలో చోదకులు చేతితోనే సంజ్ఞలు చేసేవారు. తరువాత బ్రిటన్, ఐరోపా కార్లకు తలుపుల ప్రక్కనుండి పైకి లేచే చిన్న చేతుల వంటి యాంత్రిక సూచికలు వచ్చినవి. 1939లో అమెరికాకు చెందిన బ్యూక్ సంస్థ తన కార్లకు వెలిగి ఆరే దీపాలను కర్మాగారంలోనే అమర్చడం ప్రారంభించినది. అప్పట్లో వెనుకనున్న ఒకే ఎర్ర దీపాన్ని బ్రేకుకు, మలుపుకు కూడా వాడుకొనుట చౌక కావడంతో ఆ పద్ధతి స్థిరపడినది. బ్రిటన్‌లో 1965 సెప్టెంబరు 1 నుండి రోడ్డుపైకి వచ్చిన కొత్త వాహనాలకు అంబర్ తప్పనిసరి అయినది. 1968 నాటి వియన్నా రహదారి ఒప్పందం కూడా ఇండికేటర్లకు అంబర్ రంగునే నిర్దేశించినది.

ఎరుపుతో వచ్చే చిక్కు

ఒకే దీపం రెండు పనులు చేసే వాహనంలో చోదకుడు బ్రేకు నొక్కి, కుడి ఇండికేటరు కూడా వేశాడనుకొనుము. అప్పుడు ఎడమ దీపం నిలకడగా వెలుగుతుంది. కుడి దీపం వెలిగి ఆరుతుంది. వెనుకవారికి రెండు దీపాలూ కనబడితేనే ఈ సంకేతం పూర్తిగా అర్థమగును. మధ్యలో ఒక ఆటో అడ్డు వచ్చి ఒక్క దీపమే కనబడితే, ముందు వాహనం బ్రేకు వేసినదో లేదో తెలుసుకొనుటకు దీపం ఒకటి రెండు సార్లు వెలిగి ఆరేవరకు చూడవలసి వస్తుంది. దీపాలలో ఒకటి పాడైనపుడు కూడా ఇదే ఇబ్బంది కలుగుతుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు 16 మీటర్లకు పైగా ముందుకు సాగును. అనగా అర సెకను సందేహం విలువ సుమారు 8 మీటర్ల దూరం. రంగే వేరైనపుడు ఒక్క దీపం కనబడినా చాలును: ఎరుపైతే వేగం తగ్గుతున్నదని, అంబర్ అయితే తిరగబోతున్నదని తెలిసిపోతుంది. వెనుక అద్దం వద్ద ఎత్తులో ఉండే మూడవ బ్రేకు లైటు ఈ చిక్కును కొంతవరకు తీరుస్తుంది, ఏలయనగా అది ఇండికేటరుతో కలిసి ఆరిపోదు. అమెరికాలో 1986 నమూనా కార్ల నుండి ఇది తప్పనిసరి అయినది.

పరిశోధనలు

1990లలో మిచిగాన్ విశ్వవిద్యాలయపు రవాణా పరిశోధన సంస్థలో జరిగిన ప్రయోగాలలో, ఇండికేటరు ఎరుపుగా ఉన్నప్పటికన్నా అంబర్‌గా ఉన్నపుడు చూపరులు బ్రేకు లైటుకు త్వరగా స్పందించినట్లు తేలినది. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే నమూనా కారుకు కొన్ని సంవత్సరాలు ఎరుపు, మరికొన్ని సంవత్సరాలు అంబర్ ఇండికేటర్లు ఉన్న సందర్భాలను పోల్చి చూశారు. వాహనం మలుపు తిరుగుతున్నపుడు, వరుస మారుతున్నపుడు, ఆగి నిలుపుకొనుచున్నపుడు వెనుకనుండి ఢీకొనే ప్రమాదాలు అంబర్ ఉన్నవాటిలో సుమారు 5.3 శాతం తక్కువగా ఉన్నట్లు ఆ అధ్యయనం తేల్చినది. ఆ తరువాత కూడా అమెరికాలో ఎరుపు ఇండికేటర్లను నిషేధించలేదు.

భారతదేశంలో నియమాలు

1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చినది. దాని క్రింద చేసిన 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 102వ నియమం ప్రకారం ఇండికేటర్లు అంబర్ రంగులో ఉండవలెను. నిమిషానికి 60కి తగ్గకుండా, 120కి మించకుండా వెలిగి ఆరవలెను. కార్లు తదితర వాహనాలపై దీపాల అమరిక వివరాలను ఎ.ఐ.ఎస్.-008 అనే ప్రమాణం తెలుపుతుంది. చట్టంలోని 52వ విభాగం తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చుటను నియంత్రిస్తుంది.

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారు. ఆ సంవత్సరపు ప్రమాదాలలో సుమారు ఐదవ వంతు వెనుకనుండి ఢీకొన్నవే. మృతులలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాలపై వెళ్ళేవారు. ఇండికేటర్ల వలన ఎన్ని ప్రమాదాలు జరిగినవో ఈ లెక్కలు తెలుపవు. కాని ముందు వాహనపు సంకేతం అర్థం కాకపోతే ఎక్కువగా నష్టపోయేది ఎవరో వీటి వలన తెలియును.

హైదరాబాదు రోడ్లపై

హైదరాబాదులో ముషీరాబాద్ నుండి విద్యానగర్, అడిక్‌మెట్ మీదుగా ఎన్.సి.సి. గేటు వద్ద ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రవేశించి, ఆర్ట్స్ కళాశాల మీదుగా తార్నాక చేరవచ్చును. ఈ దారిలో ఆర్.టి.సి. బస్సులు, ఆటోలు, కార్లు, స్కూటర్లు, విద్యార్థుల సైకిళ్ళు ఒకే వెడల్పులో కలిసి సాగును. బస్సు వెనుక పోయే ద్విచక్ర వాహనదారునికి తరచు దాని ఒక ప్రక్క దీపం మాత్రమే కనబడుతుంది. కావున ఒక్క దీపంతోనే అర్థమయ్యే రంగు ఇటువంటి చోట మరింత అవసరం.

ఈ దారి ప్రధానంగా తూర్పునకు సాగును. సాయంకాలం పడమటి ఎండ వెనుకనుండి వచ్చి ముందు వాహనాల దీపాల అద్దాలపై పడినపుడు, వెలగని దీపం కూడా వెలిగినట్లు భ్రమ కలిగించును. అట్టి సమయంలో ఇండికేటరును కొంచెం ముందుగానే వేయుట, అవసరమైతే చేయి కూడా చూపుట మంచిది. మన దేశంలో ఎడమ ప్రక్కన నడుపుతాము కనుక కుడి మలుపు ఎదురు వాహనాలను దాటి తిరగవలసినది. సంకేతం లోపిస్తే ఎక్కువ ముప్పు అక్కడే.

అమెరికా వెళ్ళే తెలుగువారికి

తార్నాక, హబ్సిగూడ పరిసరాలనుండి, తెలుగు రాష్ట్రాలలోని ఇతర పట్టణాలనుండి అనేకమంది విద్యార్థులు పై చదువులకు అమెరికా వెళ్తున్నారు. అక్కడ కారు నడిపేటప్పుడు రోడ్డు కుడి ప్రక్కన నడపడం అలవాటు చేసుకొనుటతో బాటు, ముందు కారులో మినుకుమనే ఎర్ర దీపం ఇండికేటరు కావచ్చునని కూడా గుర్తుంచుకొనవలెను. ఒకే నమూనా కారు ఐరోపాలో అంబర్ దీపంతోను, అమెరికాలో ఎర్ర దీపంతోను అమ్ముడుపోవడం కూడా కద్దు.

నిర్వహణ

చట్టం చెప్పిన రంగు తయారీతోనే నిలిచిపోదు. దానిని కాపాడుకొనుట యజమాని పని.

* కొన్ని వాహనాలలో అద్దమే అంబర్ రంగులో ఉంటుంది. మరికొన్నింట తెల్లని అద్దం వెనుక అంబర్ బల్బు ఉంటుంది. రెండవ రకంలో బల్బు పూత రాలిపోతే ఇండికేటరు తెల్లగా వెలుగుతుంది. అప్పుడు అంబర్ బల్బునే తిరిగి వేయించవలెను.
* పగిలిన అద్దంపై ఎర్ర కాగితం గాని, టేపు గాని అంటించరాదు.
* ఇండికేటరు మామూలుకన్నా వేగంగా కొట్టుకుంటే సాధారణంగా ఆ వైపు బల్బు ఒకటి పోయినదని గుర్తు.
* అలంకారానికై వెనుక అమర్చే ఎర్ర ఎల్.ఇ.డి. పట్టీలు మినుకుమంటే అసలు సంకేతం మరుగున పడును.
* వర్షంలో గాని, కూడలిని నేరుగా దాటునపుడు గాని నాలుగు ఇండికేటర్లనూ ఒకేసారి వేసి నడిపితే, ఏ వైపు తిరగబోతున్నదీ వెనుకవారికి తెలియదు. నాలుగు దీపాలు ఆగిపోయిన వాహనాన్ని, అపాయాన్ని సూచించుటకు ఉద్దేశించినవి.

ఇవి కూడా చూడండి

* బ్రేకు లైటు
* రోడ్డు భద్రత
* తార్నాక
* ఉస్మానియా విశ్వవిద్యాలయం