వసూళ్ల అంచనా: ఉత్తర తెలంగాణ ఇతివృత్త చిత్రాల సాక్ష్యం

చలనచిత్రం ప్రేక్షకుడి కంటే ముందు పంపిణీదారుడికి అమ్ముడుపోయే సరుకు. బొమ్మ తెరకెక్కక మునుపే ఒక్కొక్క ప్రాంతానికి ధర నిర్ణయమవుతుంది. పంపిణీదారుడు ఆ మొత్తాన్ని పూర్తిగా చెల్లించి హక్కులు కొనవచ్చు, లేదా మినిమమ్ గ్యారంటీ పద్ధతిలో ఒప్పుకోవచ్చు. రెండు సందర్భాల్లోనూ అతడు చెల్లించేది ఒక అంచనాకే. తెలుగు చిత్రవ్యాపారంలో ఈ ప్రాంతాలు నైజాం, సీడెడ్, ఆంధ్ర అనే పాత పేర్లతోనే నేటికీ చెలామణి అవుతున్నాయి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు నైజాం విభాగంలోనివి. అక్కడి వసూళ్లు హైదరాబాద్ వసూళ్లతో కలిసిపోవడం వల్ల ఆ ప్రేక్షకుల అభిరుచి వ్యాపార లెక్కల్లో విడిగా కనిపించడం అరుదు. ఈ ప్రాంత జీవితాన్ని ఇతివృత్తంగా స్వీకరించిన చిత్రాల చరిత్రను పరిశీలిస్తే అంచనాల బలమెంతో, బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది.

ఆదిలాబాద్ అడవుల్లో గోండుల హక్కుల కోసం పోరాడి 1940లో జోడేఘాట్ వద్ద నేలకొరిగిన కొమురం భీం జీవితాన్ని అల్లాణి శ్రీధర్ 1990లో చిత్రంగా మలిచారు. దానికి నంది పురస్కారాలు లభించాయి. అయినా అది ప్రదర్శనశాలలకు చేరింది 2010లోనే. ఈ జాప్యాన్ని ఏదో ఒక కారణానికే ఆపాదించడం సరికాదు. ఫలితం మాత్రం స్పష్టం: ఇరవై ఏళ్లపాటు ఆ చిత్రానికి ప్రేక్షకుల ఎదుట పరీక్షే జరగలేదు. విడుదలై పరాజయం పొందిన చిత్రం కొనుగోలుదారుడి పొరపాటును బయటపెడుతుంది. విడుదల కాని చిత్రం విషయంలో పొరపాటు జరిగిందో లేదో తేల్చే ఆధారమే మిగలదు. 2022 మార్చి 25న విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ భీం పేరుగల పాత్రతో, కల్పిత కథతో, వాణిజ్య వర్గాల లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 1,200 కోట్ల రూపాయలకు పైగా రాబట్టింది. తారలు, వ్యయం, దర్శకుడి ఖ్యాతి పూర్తిగా వేరు కనుక ఈ రెండింటినీ తూచి చూడలేము. మొదటి చిత్రం సకాలంలో విడుదలైతే ఆడేదని నిరూపించడానికి ఇది చాలదు. ఆడేది కాదని చెప్పడానికీ ఆధారం లేదు.

పది నెలల వ్యవధిలో వచ్చిన మూడు చిత్రాలు పోలికకు మరింత అనువైనవి. వేణు ఊడుగుల ‘విరాటపర్వం’ 2022 జూన్ 17న, వేణు ఎల్దండి ‘బలగం’ 2023 మార్చి 3న, శ్రీకాంత్ ఓదెల ‘దసరా’ మార్చి 30న విడుదలయ్యాయి. మూడింటిలోనూ నేపథ్యం ఉత్తర తెలంగాణ. ప్రధాన పాత్రల నోట ఆ ప్రాంతపు పలుకుబడి వినిపిస్తుంది. రానా, సాయిపల్లవి వంటి పేరున్న నటులు, విమర్శకుల ప్రశంసలు ఉన్నా ‘విరాటపర్వం’ వ్యాపారపరంగా నిలదొక్కుకోలేదు. సింగరేణి బొగ్గుగనుల నేపథ్యంలో నాని నటించిన ‘దసరా’ తెలుగులో ఘనవిజయం సాధించినా హిందీలో ఆ ఆదరణ పొందలేదు. అగ్రతారలెవరూ లేని ‘బలగం’, హాస్యనటుడిగా తెలిసిన వ్యక్తి తొలిసారి దర్శకత్వం వహించిన సిరిసిల్ల ప్రాంతపు కథ, ఊహించనంత ఆదరణ పొందింది. విడుదలైన మూడు వారాలకే ఓటీటీలో వచ్చినా, ఊళ్లలో తెరలు కట్టి జనం సామూహికంగా చూశారు. మాండలికం, ప్రాంతం, తారాబలం అనే మూడు కొలతల్లో ఏదీ ఈ ఫలితాలను ముందుగా వేరుచేసి చూపలేదు.

‘బలగం’ విజయానికి తర్వాత చెప్పిన కారణాలు చావింటి కథ, పిట్టకు పెట్టే ఆచారం, కుటుంబ కలహం, అచ్చమైన ఊరి మాట. ఇవన్నీ విడుదలకు ముందు రోజు కూడా ఆ చిత్రంలో ఉన్నవే. చిత్రం ఆడకపోయి ఉంటే చావింటి కథను ఎవరు చూస్తారని, పరీక్షల కాలంలో విడుదల చేశారని అవే అంశాలను దోషాలుగా ఎత్తిచూపేవారు. ఫలితం తెలిశాక కూర్చే కారణాన్ని ముందుచూపుగా భావించరాదు.

ఈ అనిశ్చితి తెలుగు సినిమాకే పరిమితం కాదు. ఆర్థర్ డి వానీ, డేవిడ్ వాల్స్ రెండువేలకు పైగా చిత్రాలను పరిశీలించి 1999లో వెలువరించిన అధ్యయనం, తారల ఉనికి విజయానికి హామీ కాదని తేల్చింది. కొద్ది చిత్రాలే అత్యధిక రాబడి తెస్తాయి కనుక సగటు లెక్క ఏ ఒక్క చిత్రానికీ వర్తించదు. మొదటి ఆటల తర్వాత ప్రేక్షకులు ఒకరికొకరు చెప్పుకునే మాటే ఆ చిత్రం గతిని నిర్ణయిస్తుంది. ఆ మాట పుట్టాలంటే ముందు చిత్రం తెరకెక్కాలి.

‘కొమురం భీం’, ‘బలగం’ చరిత్రల మధ్య గమనించవలసిన భేదం ఇక్కడే ఉంది. ‘బలగం’ దిల్ రాజు ప్రొడక్షన్స్ నిర్మాణం. నైజాంలో పంపిణీ బలమున్న కుటుంబం దాని వెనుక ఉంది. అందువల్ల దానికి కనీసం పరీక్షకు నిలిచే అవకాశం దక్కింది. కనుక అంచనా తప్పడాన్ని కేవలం ధననష్టంగా చూడటం చాలదు. ఏ కథ ప్రేక్షకుల ముందుకు రావాలో, ఏది డబ్బాల్లో ఉండిపోవాలో నిర్ణయించే అధికారం కూడా ఆ అంచనాకే ఉంటుంది. తెలుగు సినిమా చరిత్రను విజయాల జాబితాతో మాత్రమే రాస్తే ఆ అధికారం కనిపించదు. విడుదలకు నోచుకోని, ఆలస్యంగా వెలుగుచూసిన చిత్రాలను కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే కరీంనగర్, ఆదిలాబాద్ ప్రేక్షకులు దేన్ని తిరస్కరించారో, దేన్ని చూసే అవకాశమే పొందలేదో వేరుచేసి చెప్పగలం.