పొగ, తుఫాను, చేదర్థకం: పర్యావరణ డాక్యుమెంటరీ పోస్టరు రూపకల్పన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: శాస్త్రం సంభావ్యతగా చెప్పే విషయాన్ని పోస్టరు నిశ్చయంగా చూపుతుంది. 2006లో విడుదలైన 'ఆన్ ఇన్‌కన్వీనియెంట్ ట్రూత్' డాక్యుమెంటరీ పోస్టరు ఆధారంగా ఈ అంతరం ఎలా ఏర్పడిందో అలంకారశాస్త్ర పరిభాషలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పోస్టరు, డాక్యుమెంటరీ, భూతాపం, రూపకం, ఉత్ప్రేక్ష, చేదర్థకం.

1. ఉపోద్ఘాతం

భూతాపం నెమ్మదిగా పెరుగుతుంది. దానికి ప్రధాన కారణమైన బొగ్గుపులుసు వాయువుకు రంగు లేదు. కంటికి కనిపించని దానిని ఒక్క చూపులో చూపించవలసి రావడమే పర్యావరణ డాక్యుమెంటరీకి పోస్టరు రూపొందించే కళాకారుడి ముందున్న చిక్కు.

2. పూర్వరంగం

1970 ఏప్రిల్ 22న అమెరికాలో జరిగిన తొలి ధరిత్రీ దినోత్సవానికి చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ ఒక పోస్టరు రూపొందించాడు. మధ్యలో గద్ద; చుట్టూ కాలుష్యాన్ని, విధ్వంసాన్ని చూపే ఛాయాచిత్రాలు. ఇది సినిమా పోస్టరు కాకపోయినా, తరువాతి పర్యావరణ పోస్టర్లతో పోల్చడానికి పనికివస్తుంది. ఇందులోని నిర్మాణం సముచ్చయం: సాక్ష్యాలను పక్కపక్కన పేర్చి, వాటి మధ్య సంబంధాన్ని చూపరి ఊహకు వదిలిపెట్టింది.

3. 2006 నాటి పోస్టరు నిర్మాణం

డేవిస్ గుగెన్‌హైమ్ దర్శకత్వంలో, అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ ప్రసంగాల ఆధారంగా వచ్చిన చిత్రమిది. దీని పోస్టరులో కర్మాగారపు గొట్టాల నుంచి లేచిన పొగ సుడి తిరుగుతూ తుఫానుగా మారుతుంది. పొగగొట్టాన్ని మనం నేలమీద నిలబడి చూస్తాం. తుఫాను సుడిని ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. ఈ రెండు దృష్టికోణాలను ఒకే చట్రంలో కలపడమే ఈ రూపకల్పనలోని నేర్పు. కనిపించే పొగ ఇక్కడ కనిపించని వాయువుకు లక్షణగా నిలిచింది. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను సృష్టించిన బీభత్సం ప్రేక్షకుల మనసులో ఇంకా పచ్చిగానే ఉన్న కాలమది.

అలంకారశాస్త్రం ప్రకారం ఉత్ప్రేక్షకు ప్రాణం సంభావన; రూపకానికి ప్రాణం అభేదం. శాస్త్రజ్ఞులు సంభావనగా చెప్పినది పోస్టరులో అభేదమైంది. 2007లో వెలువడిన ఐపీసీసీ నాలుగో నివేదిక, భూతాపం పెరిగితే ఉష్ణమండల తుఫానుల తీవ్రత పెరిగే అవకాశం ఉందని చెప్పింది. ఏటా వచ్చే తుఫానుల సంఖ్యలో మాత్రం స్పష్టమైన ధోరణి లేదన్నది. ఆ నివేదికలో 'అవకాశం ఉంది' అన్న మాటకు 66 శాతానికి మించిన సంభావ్యత అని నిర్ణీతార్థం. పోస్టరులో ఈ కొలతకు చోటు లేదు.

4. న్యాయస్థానంలో చర్చ

ఈ చిత్రాన్ని ఇంగ్లండు పాఠశాలలకు పంపిణీ చేయడాన్ని ప్రశ్నించిన వ్యాజ్యంలో 2007 అక్టోబరు 10న జస్టిస్ బర్టన్ తీర్పు ఇచ్చారు. చిత్రంలోని ప్రధాన వాదాన్ని స్థూలంగా సరైనదిగా అంగీకరిస్తూనే, తొమ్మిది అంశాలు నాటి శాస్త్రీయ ఏకాభిప్రాయానికి అనుగుణంగా లేవన్నారు. కత్రినాను భూతాపానికి ఆపాదించడానికి తగిన ఆధారం లేదన్నది వాటిలో ఒకటి. మార్గదర్శక సూచనలతో చిత్రాన్ని ప్రదర్శించవచ్చన్నారు. మరి రెండు రోజులకే గోర్‌కు, ఐపీసీసీకి ఉమ్మడిగా నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. న్యాయస్థానం విచారించింది చిత్రాన్నే గాని పోస్టరును కాదు. అయినా అక్కడ ప్రశ్నకు గురైన కార్యకారణ బంధం వంటిదే పోస్టరుకు కేంద్రం కావడం గమనార్హం.

5. తెలుగు చూపరి దృష్టి

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వేలమందిని బలిగొన్నది. అటువంటి జ్ఞాపకం ఉన్న సమాజానికి తుఫాను కొత్త కాదు. 'పొగ తుఫానును కంటుంది' అన్న వాక్యం ఈ చూపరిని సులభంగా ఒప్పించలేదు. 'పొగ తుఫానుకు బలం చేకూర్చవచ్చు' అన్న వాక్యం ఆలోచింపజేస్తుంది. మొదటి వాక్యాన్ని తోసిపుచ్చినవాడు రెండోదాన్ని కూడా తోసిపుచ్చే ప్రమాదం ఉంది. అతిశయోక్తి వల్ల పర్యావరణ వాదానికి కలిగే నష్టం ఇదే.

6. ముగింపు

బొమ్మకు చేదర్థకం లేదు. 'అయితే', 'కావచ్చు' అన్న అర్థాలను గీతలతో, రంగులతో పలికించడం బహు కష్టం. ఆ భారాన్ని బొమ్మ పక్కనున్న మాటలు మోయాలి. ఈ పోస్టరుపై ముద్రించిన ప్రచారవాక్యం ఆ పని చేయక, ఇంత భయపెట్టే చిత్రాన్ని మీరెన్నడూ చూడరన్న ధోరణిలో భయానక రసాన్నే పోషించింది. పోస్టరు శక్తి రూపకంలో ఉంది. దాని బాధ్యత పదాల ఎంపికలో ఉంది. పర్యావరణ పోస్టర్లను తరగతిగదిలో పాఠ్యాలుగా బోధించేటప్పుడు ఈ రెండింటినీ విడివిడిగా పరిశీలించడం అవసరం.