చిన్నాయన సన్ కంప్యూటర్: దాని చరిత్ర, దాని రిపేరీ

పోయిన ఆయుధపూజకి ఇల్లు సర్దుతుంటే అటక మీద నుంచి చిన్నాయన కంప్యూటర్ కిందికి దిగింది. పిజ్జా డబ్బా లాగ పల్చగా, వెడల్పుగా ఉంటాదే, ఆ పెట్టె. గుజరీ వాడికి ఇచ్చేద్దామని నేనే అన్నాను. చిన్నమ్మ ఒప్పుకోలేదు. "దాన్ని పారేయొద్దు నాయనా. జేజి చెప్పిందంతా మీ చిన్నాయన అందులోనే కొట్టి పెట్టినాడు. కాగితం మీద రాసుకున్నది చెదలు తినేసింది, ఇంకెక్కడా లేదు" అన్నది.

జేజి చెప్పింది అంటే మన వంశం సంగతి. ఎవరికి ఎవరు పుట్టినారు, చిత్తూరు వైపు నుంచి కోలారు సీమకి ఎందుకు వచ్చినాము అని. జేజీ లేదు, చిన్నాయనా లేడు. మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, తప్పులు వెతికేదే నా బతుకు. సరే చూద్దాం అనుకున్నాను. నేను చదివింది కన్నడ మీడియంలో, తెలుగు అక్షరాలు పెద్దయినాక ఇంట్లో నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

ముందు ఈ పెట్టె ఏమిటో చెప్పాల. ఇది సన్ కంపెనీ స్పార్క్‌స్టేషన్ 5. సన్ మైక్రోసిస్టమ్స్ 1982లో అమెరికాలో మొదలైంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నెట్‌వర్క్ అనే మూడు మాటల మొదటి అక్షరాలే 'సన్' అయినాయి. మొదలుపెట్టిన వాళ్లలో మన దేశపు వినోద్ ఖోస్లా ఒకరు. మేజ మీద పెట్టుకునేంత చిన్నది, కానీ యూనిక్స్ నడిపేంత బలమున్నది, నెట్‌వర్క్‌తో పుట్టినది: అటువంటి యంత్రాన్ని వర్క్‌స్టేషన్ అన్నారు. 1989లో స్పార్క్‌స్టేషన్ 1 వచ్చింది, 1994లో మన ఇంట్లో ఉన్న ఈ 5వ నంబరు. వేగం 70, 85, 110 మెగాహెర్ట్జ్‌లలో దొరికేది. ఈ రోజు ఫోన్ ముందర అది ఏమీ కాదు, ఆ రోజుల్లో ఇంజనీర్లకి అదే పెద్ద ఆస్తి.

బెంగళూరుకి ఇటువంటి యంత్రాలు చిప్ డిజైన్ పనితో వచ్చినాయి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడ 1985లో ఆఫీసు తెరిచి, ఉపగ్రహం ద్వారా అమెరికాతో లింకు పెట్టుకుంది. తర్వాత ఇంకా కంపెనీలు వచ్చినాయి. చిన్నాయన అటువంటి ఒక ఆఫీసులోనే పని చేసేవాడు. 1990ల చివరికి మామూలు పీసీలు వేగం పెంచుకున్నాయి, వాటి మీద లినక్స్ ఊరికే దొరికింది. వర్క్‌స్టేషన్లని ఆఫీసులు ఒక్కొక్కటిగా తీసేసినాయి. అట్ల తీసేసినప్పుడు చిన్నాయన ఒకటి తక్కువ ధరకి కొని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇప్పుడు రిపేరీ సంగతి. మొదటి చిక్కు స్క్రీన్. దీని మానిటర్ ప్లగ్గు వేరే రకం, మూడు లావు పిన్నులు, పది సన్న పిన్నులు. అది మన దగ్గర లేదు. కానీ సన్ వాళ్లు ఒక మంచి పని చేసినారు. కీబోర్డు తగిలించకుండా కరెంటు ఇస్తే, ఆ పెట్టె తన మాటలన్నీ వెనకున్న సీరియల్ పోర్టు ద్వారా చెప్తాది. 25 పిన్నుల కేబుల్, యూఎస్‌బీ అడాప్టర్ పెట్టి నా లాప్‌టాప్‌కి కలిపినాను. వేగం 9600, 8 బిట్లు, పారిటీ లేదు. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది, కొంచెం సేపటికి అక్షరాలు వచ్చినాయి. ప్రాణం ఉండాది అనుకున్నాను.

వచ్చిన మాట ఇది: ఐడీప్రామ్‌లో ఉన్నది చెల్లదు. దాని కింద ఈథర్‌నెట్ అడ్రస్ అని, మొత్తం 'ఎఫ్'లే. తర్వాత డిస్కు సంగతి మర్చిపోయి నెట్‌వర్క్ మీద ఎవరినో పిలుస్తా కూర్చుంది. తెలియనివాళ్లు చూస్తే మదర్‌బోర్డు పోయింది అంటారు. ఎన్నో మంచి యంత్రాలు ఇట్లనే గుజరీకి పోయినాయి.

నిజానికి పోయింది ఒక బ్యాటరీ. బోర్డు మీద 28 పిన్నుల చిప్ ఒకటి ఉంటాది. గడియారం, 8 కిలోబైట్ల జ్ఞాపకం, లిథియం బ్యాటరీ, మూడూ దాంట్లోనే. యంత్రం సెట్టింగులు, ఈథర్‌నెట్ అడ్రస్, హోస్ట్ ఐడీ అన్నీ అక్కడే రాసుంటాయి. బ్యాటరీ ఆయుస్సు సుమారు పదేళ్లు. అది అయిపోతే యంత్రం తానెవరో మర్చిపోతాది.

పేరుని ఇట్ల బ్యాటరీ మీద ఎందుకు పెట్టినారు? దానికి అప్పటి వ్యాపారంలో కారణం ఉంది. చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ చాలా ఖరీదు, లైసెన్సు హోస్ట్ ఐడీకి కట్టేసి ఇచ్చేవాళ్లు. బోర్డు చెడిపోతే ఈ చిప్‌ని పీకి కొత్త బోర్డులో గుచ్చితే చాలు, పేరు మారదు, లైసెన్సు ఆగదు. ఆఫీసులో ఐదారేళ్లు వాడి మార్చేసే యంత్రానికి అది మంచి ఏర్పాటే. ముప్పై ఏళ్లు ఒక ఇంటి అటక మీద ఉంటాదని వాళ్లు అనుకోలేదు.

డిస్కు ఒక్కటి చదివితే చాలు కదా, పేరుతో ఏం పని అని నేనూ అనుకున్నాను. పని ఉంది. దాంట్లో ఉన్న ఫైళ్లని బయటికి తేవాలంటే నెట్‌వర్క్ కావాల. అన్నీ ఎఫ్‌లే ఉన్న అడ్రస్ అంటే ఈథర్‌నెట్‌లో 'అందరికీ' అని అర్థం, అది ఒక యంత్రానికి సొంత అడ్రస్ కాలేదు. పేరు లేకుండా పక్క యంత్రంతో మాట్లాడలేదు.

పేరుని చేత్తో రాయొచ్చు. సీరియల్ నుంచి బ్రేక్ పంపితే 'ఓకే' అని ఒక ప్రాంప్ట్ వస్తాది. దాన్ని ఓపెన్‌బూట్ అంటారు, లోపల ఉన్నది ఫోర్త్ అనే భాష. అందులో 'ఎంకేపీ' అనే మాట ఉంది: ఒక సంఖ్య, దాని స్థానం ఇస్తే అక్కడ రాస్తాది. మొత్తం 16 సంఖ్యలు. మొదటిది 01, రెండోది యంత్రం రకం, తర్వాత ఆరు ఈథర్‌నెట్ అడ్రస్. సన్ యంత్రాల అడ్రస్ 08:00:20 తో మొదలవుతాది. మిగతా మూడు సంఖ్యలు మన పెట్టెలో ఆ చిప్ మీద అంటించిన చీటీలో కనిపించినాయి. తర్వాత నాలుగు తయారైన తేదీకి, మూడు హోస్ట్ ఐడీకి, ఆఖరుది ముందున్న 15 సరిగ్గా ఉన్నాయా అని సరిచూసే సంఖ్య.

అన్నీ కొట్టి ముగించేలోపల కరెంటు పోయింది! బ్యాటరీ చచ్చింది కదా, రాసిందంతా మళ్లీ మాయం. యూపీఎస్ కింద పెట్టి రెండోసారి కొట్టినాను. ఈసారి యంత్రం తన అడ్రస్ తాను చెప్పింది.

తర్వాత స్కజ్జీ డిస్కు వెతకమంటే ఏమీ కనపడలేదు. గుండె జారింది. ఆపి, మూత తీసి, డిస్కుని బయటికి లాగి మళ్లీ గట్టిగా నొక్కినాను, యూపీఎస్ ఆఫ్ చేసినందుకు మూడోసారి 16 సంఖ్యలూ కొట్టినాను. డిస్కు పేరు వచ్చింది. ఇక్కడ టెస్టర్ బుద్ధి ఒకటి చెప్తాను: పాత డిస్కుని దాని సొంత సిస్టమ్‌తో లేపొద్దు. లేచిందంటే ఏదో ఒకటి రాస్తానే ఉంటాది. చిన్నాయన దాచిన సొలారిస్ సీడీ నుంచి సింగిల్ యూజర్‌గా లేపి, డిస్కుని చదివేకి మాత్రమే మౌంట్ చేసినాను. రూట్ పాస్‌వర్డ్ తెలియదు, ఇట్ల చేస్తే దాని అవసరమే రాదు. పక్కన లినక్స్ యంత్రంలో ఎన్ఎఫ్ఎస్ తెరిచి, చిన్నాయన ఫోల్డరంతా అటు కాపీ చేసినాను.

ఫైళ్లు తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. చదివితే తెలుగు. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో ఉన్న మనవాళ్లు 1990ల్లో ప్రచారంలోకి తెచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతి అది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. తెలుగు యూనికోడ్‌లోకి 1991లోనే చేరింది, కానీ ఈ పెట్టెలో దాన్ని చూపించే ఫాంటు లేదు. అందుకని చిన్నాయన అట్ల కొట్టినాడు. నాకు అది వరమే అయింది, మార్చేకి ఒక చిన్న స్క్రిప్టు చాలింది.

జేజి మాట జేజి మాటగానే ఉంది. ఐదు తరాల పేర్లు. మనం బంగారు గనుల్లో కూలికి వచ్చినామని ఇంట్లో అందరం అనుకుంటాము. జేజి చెప్పింది వేరే. గనుల బాయిలర్లకి బండ్ల మీద కట్టెలు తోలేకి వచ్చినారంట. కరెంటు వచ్చినాక కట్టెల గిరాకీ పడిపోయింది, ఎద్దులు అమ్మి ముళబాగిలు దగ్గర నేల పట్టినారంట. గనులకి శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది 1902లో. జేజికి ఆ సంవత్సరం తెలియదు, కానీ ఆమె చెప్పిన వరస దానికి సరిగ్గా కుదురుతాది.

ఆ ఫైళ్లు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి, ఒక ప్రింటు చిన్నమ్మ దగ్గర ఉంది. కొత్త చిప్ కొనాల, లేదంటే పాతదాని పైపూత గీకి బయట నాణెం బ్యాటరీ అతికించాల, అది ఇంకో ఆదివారం పని. మీ ఇళ్లలో ఇటువంటి పెట్టె ఉంటే పారేసే ముందు ఒకసారి అడగండి. స్విచ్ వేసేకి ముందు ఆ చిప్ మీద చీటీలో ఉన్నది ఒక కాగితం మీద రాసుకోండి. చీటీ ఊడిపోయిందంటే యంత్రం తన పేరు తాను చెప్పలేదు.