పాతబస్తీ తెరపై వార్త.. తెర వెనుక పరీక్ష
లోగో ఎవరైనా చేయించుకోవచ్చు.. నమ్మకం మాత్రం గల్లీ గల్లీలో సంపాదించుకోవాల్సిందే

చార్మినార్: షాబాన్ నెల ఇరవై తొమ్మిదో రోజు. మగ్రిబ్ నమాజు ముగిసింది. మదీనా చౌరస్తా నుంచి శాలిబండ వరకు అందరి చూపూ ఆకాశంపైనే. ఆ తర్వాత టీవీపైన. నెలవంక కనిపించినట్లు ప్రకటన వెలువడితే ఆ రాత్రి నుంచే మసీదుల్లో తరావీ నమాజులు మొదలవుతాయి. తెల్లవారక ముందే సహరీకి ఇంట్లో పొయ్యి వెలగాలి. కనిపించకపోతే షాబాన్ నెలను ముప్పై రోజులుగా లెక్కిస్తారు. ఇంతలో ‘ఫలానా ఊళ్లో చంద్రుడు కనిపించాడట’ అంటూ చానల్ కార్యాలయానికి ఫోన్లు మొదలవుతాయి. ఆ మాటను వెంటనే స్క్రోలింగ్‌లో వేయాలా, నెలవంక నిర్ధారణ కమిటీ ప్రకటన వచ్చేదాకా ఆగాలా? స్థానిక వార్తా చానళ్ల డెస్కుకు ఏటా ఎదురయ్యే పరీక్ష ఇది.

ముందుగా చెప్పిన వారికి దక్కేది పది నిమిషాల ఆధిక్యం. తప్పు చెప్పిన వారికి మిగిలేది ఏడాది పొడవునా మాటపడటం. రాష్ట్రస్థాయి చానల్ పొరపాటు చేస్తే ప్రేక్షకుడు రిమోట్ నొక్కి ఊరుకుంటాడు. స్థానిక చానల్ విలేకరి మాత్రం మర్నాడు అదే గల్లీలో, అదే ఇరానీ హోటల్‌లో చాయ్ తాగాల్సి ఉంటుంది. ఈ చానళ్ల పని తీరును, పేరు ప్రతిష్ఠలను అర్థం చేసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

రేడియో నుంచి కేబుల్ దాకా..

నగరవాసులకు సొంత గొంతు వినిపించిన తొలి ప్రసార సాధనం రేడియో. నిజాం ప్రభుత్వం 1935లో దక్కన్ రేడియోను తన ఆధీనంలోకి తీసుకుంది. 1950లో అది ఆలిండియా రేడియోలో విలీనమైంది. హైదరాబాద్ కేంద్రం ఉర్దూ కార్యక్రమం ‘నైరంగ్’ పాతబస్తీ ఇళ్లలో తరతరాలకు పరిచితం. దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబర్ 23న ప్రారంభమైంది. 2014లో రాష్ట్ర విభజన జరిగాక తెలంగాణ ప్రసారాలకు ‘యాదగిరి’ పేరు వచ్చింది. ‘సప్తగిరి’ ఆంధ్రప్రదేశ్‌కు మిగిలింది. చానల్ పేరు ఏ కొండను తలపిస్తుందో ఆ ప్రాంతపు గుర్తింపు అదేనన్నది ఇందులోని అంతరార్థం.

1991 తర్వాత ఉపగ్రహ చానళ్లు రావడంతో వీధి వీధికీ కేబుల్ ఆపరేటర్ వెలిశాడు. డిష్ యాంటెన్నా, కొన్ని యాంప్లిఫయర్లు, ఇళ్ల మీదుగా లాగిన తీగలు.. పెట్టుబడి అంతే. అదే కంట్రోల్ రూంలో ఒక వీసీఆర్ పెడితే రాత్రికి సినిమా. అందులోనే పగలు తీసిన వీడియో క్యాసెట్ వేస్తే స్థానిక వార్తలు. 1995 ఆగస్టు 27న ఈటీవీ, 2001 ఆగస్టు 15న ఈటీవీ ఉర్దూ, 2004 జనవరిలో ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా చానల్‌గా టీవీ9 వచ్చాయి. ఈటీవీ ఉర్దూ చేతులు మారి 2018లో న్యూస్18 ఉర్దూ అయింది. 1949లో ఆవిర్భవించిన ‘సియాసత్’ వంటి ఉర్దూ దినపత్రికలూ వీడియో వార్తల బాట పట్టాయి. సియాసత్ టీవీ, మున్సిఫ్ టీవీ, 4టీవీ వంటి పేర్లు నగర ప్రేక్షకులకు సుపరిచితమయ్యాయి.

వార్త తెరకెక్కేదిలా..

స్థానిక చానల్ కార్యాలయమంటే చాలాచోట్ల రెండు మూడు గదులే. ఒక గదిలో వార్తలు చదివే బల్ల, వెనుక ఆకుపచ్చ గుడ్డ. గ్రీన్ మ్యాట్‌గా పిలిచే ఆ గుడ్డ స్థానంలో కంప్యూటర్ సాయంతో చార్మినార్ చిత్రం కనిపిస్తుంది. రెండో గదిలో ఎడిటింగ్ కంప్యూటర్లు. మూడో గదిలో వచ్చిపోయే వారికి కుర్చీలు, ప్రకటనల లెక్కలు.

పొద్దున్నే పోలీస్ స్టేషన్లు, ఉస్మానియా ఆస్పత్రి, జీహెచ్ఎంసీ సర్కిల్ కార్యాలయాలకు ఫోన్లు చేయడంతో పని మొదలవుతుంది. పెద్ద చానళ్లలో వార్త తెచ్చే విభాగాన్ని ఇన్‌పుట్ అని, దాన్ని దిద్ది ప్రసారానికి సిద్ధం చేసే విభాగాన్ని అవుట్‌పుట్ అని అంటారు. స్థానిక చానల్‌లో ఈ రెండూ ఒకే బల్ల దగ్గర ఉంటాయి. రిపోర్టరే కెమెరా పట్టుకుని విజువల్స్ తీస్తాడు, బైట్ తీసుకుంటాడు, వాయిస్ ఓవర్ చెబుతాడు, అవసరమైతే ఎడిటింగూ చేస్తాడు. ఇది మనకే ప్రత్యేకం అనుకోనక్కర్లేదు. అమెరికాలో 1992లో మొదలైన నగర కేబుల్ వార్తా చానల్ ఎన్‌వై1 సైతం న్యూయార్క్ వీధుల్లోకి ఒక్కో విలేకరినీ సొంత కెమెరాతో పంపి పేరు తెచ్చుకుంది.

మారింది సామగ్రే. ఒకప్పుడు క్యాసెట్‌ను స్కూటర్‌పై కంట్రోల్ రూంకు చేర్చాలి. పండుగ రద్దీలో పత్తర్‌గట్టీ దాటే సరికి బులెటిన్ సమయం మించిపోయేది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో తీసి క్షణాల్లో పంపుతున్నారు. పరిశీలనకు దొరికే సమయం కూడా అదే లెక్కన తగ్గిపోయింది. క్యాసెట్ వచ్చేలోగా డెస్కు రెండు ఫోన్లు చేసి నిర్ధారించుకునే వీలుండేది. ఇప్పుడు ఫోన్ చేయాలంటే ప్రసారాన్ని ఆపాలి.

ఆగడం ఎందుకు అవసరమో 2020 అక్టోబర్ వరదలు నేర్పాయి. 13వ తేదీ రాత్రి కుండపోత తర్వాత పల్లె చెరువు, ఆ తర్వాత కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్టలు తెగి అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్‌బాబానగర్ వంటి బస్తీలు నీట మునిగాయి. అటువంటి రాత్రి జనానికి కావాల్సింది రాష్ట్రవ్యాప్త వర్షపాత పటం కాదు. ఏ గల్లీలో నీరు ఎంత ఎత్తున ఉంది, పడవ ఎక్కడికి వచ్చింది, అన్నం పొట్లాలు ఎక్కడ ఇస్తున్నారు అన్నదే. ఇంకో చెరువు తెగిందన్న వదంతి ఒక్కటి ప్రసారమైతే చీకట్లో పిల్లాపాపలతో పరుగులు తప్పవు.

పేరు, రంగు, లిపి

చానల్‌కు గుర్తింపు తెచ్చేవి నాలుగు. తెర మూలన ఉండే లోగో, బులెటిన్‌కు ముందు వచ్చే సంగీతం, కింద పరుగెత్తే స్క్రోలింగ్, మైక్‌కు తగిలించే లోగో డబ్బా. సమావేశంలో నాయకుడి ముందు పది మైకులున్నా తమది ఫొటోలో కనిపించాలన్న తపన రిపోర్టర్‌లో ఉంటుంది. మర్నాడు పత్రికల్లో ఆ ఫొటో వస్తే చానల్‌కు ఖర్చు లేని ప్రచారం.

పాతబస్తీలో ఈ పనికి ఒక చిక్కుంది. అది లిపి. ఉర్దూ రాసే నస్తలీఖ్ లిపిలో అక్షరాలు మెట్లు దిగినట్లు ఏటవాలుగా సాగుతాయి. పైకీ కిందికీ చోటు ఎక్కువ కావాలి. అందువల్ల తెలుగు, ఇంగ్లిష్ స్క్రోలింగ్ కంటే ఉర్దూ పట్టీ వెడల్పుగా ఉంటుంది. కుడి నుంచి ఎడమకు చదివే లిపి కనుక పట్టీ ఎడమ వైపు నుంచి కుడి వైపునకు కదలాలి. తెలుగు స్క్రోలింగ్ కదిలేది దీనికి సరిగ్గా ఎదురు దిశలో. రెండు భాషలూ ఒకే తెరపై ఇవ్వాలంటే రెండు పట్టీలు, రెండు దిశలు తప్పవు. ఛత్తా బజార్ ముద్రణాలయాల్లో కాతిబ్‌లు కలంతో చేసిన పనిని 1994లో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌కు ఎక్కించింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా గుర్తించింది.

లిపి కంటే బలమైనది యాస. వార్తలు చదివేది కితాబీ ఉర్దూలో. జనం మాట్లాడేది దక్నీలో. ‘ది అంగ్రేజ్’ సినిమాకు దక్కిన ఆదరణ దక్నీకి ఎంత గిరాకీ ఉందో చూపింది. అందుకే స్టూడియోలో భాష గంభీరంగా ఉన్నా, వీధిలో మైక్ పెట్టినప్పుడు ‘నక్కో’, ‘హౌ’ అన్న మాటలను కత్తిరించకుండా వదిలే చానల్ జనానికి దగ్గరవుతుంది. ఘటనాస్థలిలో ఉన్న విలేకరే కథ చెప్పాలన్న పద్ధతికి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1965లో ‘ఐవిట్‌నెస్ న్యూస్’ అని పేరు పెట్టారు. పాతబస్తీలో ఆ పద్ధతికి పేరు లేదు, కానీ ఆచరణ ఉంది.

ఏడాది పంచాంగమే ఇక్కడ కార్యక్రమాల పట్టిక. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఊరేగింపు, ఆషాఢంలో లాల్ దర్వాజా సింహవాహిని బోనాలు, బాలాపూర్ నుంచి చార్మినార్ మీదుగా సాగే గణేశ్ శోభాయాత్ర, రంజాన్ నెలలో రోజూ ఇఫ్తార్, సహరీ వేళలు. అన్ని వర్గాల పండుగలనూ ఒకే శ్రద్ధతో చూపే చానల్‌ను అన్ని వర్గాలూ చూస్తాయి.

తీగ తెగితే తెర చీకటే..

స్థానిక చానల్ మనుగడ కేబుల్ నెట్‌వర్క్ చేతుల్లో ఉంటుంది. పాత విధానంలో టీవీ ఎన్నో నంబరులో చానల్ వస్తుందన్నదే ముఖ్యం. వెనుక నంబర్లలో బొమ్మ గీతలు పడేది. ముందు వరుసలో చోటు కోసం పోటీ, దానికో ధర. డిజిటల్ విధానంలో రెండో దశకు ఎంపికైన 38 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. గడువు 2013 మార్చి 31. సెట్‌టాప్ బాక్సులు వచ్చాక బొమ్మ అందరికీ ఒకేలా వస్తోంది. అయితే వీధి ఆపరేటర్ తన గదిలోంచి సొంత చానల్ కలిపే వీలు పోయింది. సిగ్నల్ మొత్తం పెద్ద నెట్‌వర్క్ హెడ్‌ఎండ్ నుంచే రావాలి. చిన్న చానళ్లు కొన్ని అక్కడే ఆగిపోగా, కొన్ని యూట్యూబ్‌కు మళ్లాయి.

తీగల సమస్య మాత్రం వీడలేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి విద్యుత్ ప్రసరించి ఐదుగురు మరణించారు. వెనువెంటనే బండ్లగూడలో వినాయక విగ్రహాన్ని తరలిస్తుండగా విద్యుదాఘాతంతో ఇద్దరు మృతి చెందారు. అనంతరం విద్యుత్ సంస్థ స్తంభాలపై కేబుళ్ల తొలగింపు చేపట్టడంతో నగరంలో పలుచోట్ల ప్రసారాలు, ఇంటర్నెట్ నిలిచిపోయాయి. వివాదం హైకోర్టుకు చేరింది. ప్రాణ భద్రత ముందా, ప్రసారం ముందా అన్న ప్రశ్నకు సమాధానం స్పష్టమే. తీగలను క్రమబద్ధం చేయకుండా దశాబ్దాలు గడపడమే అసలు లోపం.

కార్డు ఉంటుంది.. జీతం ఉండదు

చిన్న చానళ్లలో స్ట్రింగర్లకు నెల జీతం అరుదు. వార్తకు ఇంత అని ముట్టజెప్పడం, అదీ లేనిచోట ప్రకటన తెస్తే కమీషన్ ఇవ్వడం ఆనవాయితీ. వార్త రాసే మనిషే ప్రకటన అడగాల్సి వస్తే వార్త పదును తగ్గుతుంది. ఫంక్షన్ హాల్, జ్యువెలరీ షాపు, ప్రైవేటు ఆస్పత్రి, నాయకుడి జన్మదినం.. ఆదాయం వచ్చేది వీటి నుంచే. వీటిపైనే ఫిర్యాదులూ వస్తుంటాయి.

ఇదే అదనుగా మైక్ లోగో చేయించుకుని అక్రమ నిర్మాణాల యజమానుల వద్దకు వెళ్లే నకిలీలూ ఉన్నారు. చానల్ ఇచ్చే గుర్తింపు కార్డు, సమాచార పౌరసంబంధాల శాఖ ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు ఒకటి కావు. అక్రిడిటేషన్ లేనంత మాత్రాన విలేకరి నకిలీ కాడు. కార్డు చూపి డబ్బు అడిగిన వాడు మాత్రం ఏ కార్డు ఉన్నా విలేకరి కాడు.

తప్పు వార్తకు మూల్యం

నిర్ధారించుకోని వార్త ఏం చేయగలదో తెలుగునాట 2010 జనవరిలో కనిపించింది. ఒక విదేశీ వెబ్‌సైట్ కథనాన్ని కొన్ని చానళ్లు పరిశీలన లేకుండా ప్రసారం చేయగా రాష్ట్రమంతటా రిలయన్స్ దుకాణాలపై దాడులు జరిగాయి. చానల్ ఉద్యోగులపై కేసులు నమోదయ్యాయి.

పాతబస్తీలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. 2007 మే 18న శుక్రవారం ప్రార్థనల వేళ మక్కా మసీదులో బాంబు పేలుడుకు తొమ్మిది మంది, అనంతరం పోలీసు కాల్పుల్లో ఐదుగురు బలయ్యారు. సరిగ్గా పద్దెనిమిదేళ్లకు, 2025 మే 18న, గుల్జార్ హౌజ్ వద్ద అగ్ని ప్రమాదంలో పిల్లలు సహా పదిహేడు మంది ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి రోజున ఏ పేరు ముందు చెప్పాలి, ఏ దృశ్యం చూపకూడదు, మృతుల సంఖ్యను ఎవరి నుంచి తీసుకోవాలి అన్నది క్షణాల్లో తేల్చాలి. బంధువులకు తెలియకముందే పేరు స్క్రోలింగ్‌లో వస్తే ఆ ఇంటికి అదే పిడుగు.

చట్టం ఏం చెబుతోంది?

- 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం స్థానిక ప్రసారాలకూ వర్తిస్తుంది. మతాలను కించపరిచే, హింసను ప్రేరేపించే దృశ్యాలు, మాటలు ప్రోగ్రామ్ కోడ్ ప్రకారం నిషిద్ధం.
- ఉగ్రవాద నిరోధక చర్యల ప్రత్యక్ష ప్రసారాన్ని 2015లో నిషేధించారు. అధికారి ఇచ్చే వివరాలకే పరిమితం కావాలి.
- లైంగిక నేరాల బాధితుల, పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం.
- నెట్‌వర్క్ సొంతంగా నడిపే స్థానిక చానళ్లను ‘ప్లాట్‌ఫాం సర్వీసులు’ అంటారు. 2022 నవంబర్ 30 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఒక్కో చానల్‌కు రూ.1000 రుసుముతో నమోదు చేయించాలి. స్థానిక వార్తలు ఇచ్చే నెట్‌వర్క్ కంపెనీగా నమోదై ఉండాలి. మొత్తం చానళ్ల సామర్థ్యంలో ఇవి ఐదు శాతం మించరాదు.
- ఈ చానళ్ల ప్రసారాల రికార్డింగును 90 రోజులు భద్రపరచాలి. తప్పుడు ప్రసారంతో నష్టపోయిన వారు తేదీ, సమయం రాసుకుని ఆలోగా కలెక్టర్ లేదా పోలీస్ కమిషనర్ వంటి అధీకృత అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

ఇక మళ్లీ షాబాన్ ఇరవై తొమ్మిదో సాయంత్రానికి వస్తే.. కమిటీ ప్రకటన వచ్చేదాకా ‘నిర్ధారణ కాలేదు’ అన్న రెండు మాటలను తెరపై నిలబెట్టిన చానల్ ఆ పది నిమిషాలు వెనుకబడినట్లే కనిపిస్తుంది. వచ్చే ఏడాది అదే సాయంత్రం శాలిబండలో జనం ముందుగా పెట్టేది ఆ చానలే.