అజైడ్–ఆల్కైన్ చక్రీయ సంకలన చర్య: ఆవిష్కరణ నుంచి నియంత్రణ వరకు

అజైడ్, ఆల్కైన్‌ల కలయికతో ట్రయజోల్ సమ్మేళనాలు ఏర్పడే చర్య 2022 నోబెల్ బహుమతి కారణంగా 21వ శతాబ్దపు ఆవిష్కరణగా కనిపించవచ్చు. అయితే దీని చరిత్ర పందొమ్మిదవ శతాబ్దంలోనే మొదలైంది. కొత్త శతాబ్దంలో శాస్త్రవేత్తలు సాధించినది చర్యను కాదు, దానిపై నియంత్రణను.

పీటర్ గ్రీస్ 1864లో ఫినైల్ అజైడ్‌ను తయారుచేశాడు. 1893లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ మైకేల్ దానిని ఎసిటిలీన్ డైకార్బాక్సిలిక్ ఆమ్లపు డైమిథైల్ ఎస్టర్‌తో చర్య జరిపించి ట్రయజోల్‌ను పొందాడు. మూడు నైట్రోజన్, రెండు కార్బన్ పరమాణువులు గల ఈ వలయం ఏర్పడే విధానాన్ని వివరించగల సిద్ధాంతం ఆనాడు లేదు. పైగా మైకేల్ ఎంచుకున్న ఎస్టర్ సౌష్ఠవం గలది కావడంతో ఒకే ఉత్పన్నం ఏర్పడింది. చర్యలోని అసలు చిక్కు బయటపడలేదు.

సిద్ధాంతాన్ని సమకూర్చినవాడు మ్యూనిక్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ హ్యూస్గెన్. అజైడ్ వంటి మూడు పరమాణువుల ద్విధ్రువం బహుబంధంతో ఒకే దశలో కలిసి అయిదు పరమాణువుల వలయాన్ని ఏర్పరుస్తుందని 1960వ దశకం ఆరంభంలో ఆయన ప్రతిపాదించాడు. కానీ ఈ చర్యకు సాధారణంగా వేడి, దీర్ఘ సమయం అవసరమయ్యేవి. సౌష్ఠవం లేని ఆల్కైన్ వాడినప్పుడు 1,4. 1,5 సాదృశ్యకాల మిశ్రమం ఏర్పడేది. వాటిని వేరుచేయడం శ్రమతో కూడిన పని.

ఈ అవరోధాన్ని తొలగించింది రాగి. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో మోర్టెన్ మెల్డాల్ బృందం రాగి అయాన్ల సమక్షంలో ఆల్కైన్‌ను ఆసిల్ హాలైడ్‌తో చర్య జరిపించింది. ఆల్కైన్ మాత్రం ఆ అణువు రెండో కొసనున్న అజైడ్‌తో కలిసి ట్రయజోల్‌గా మారింది. మెల్డాల్ ఈ ఫలితాన్ని 2001 జూన్‌లో శాన్ డియేగోలో వెల్లడించాడు. పరిశోధన పత్రం 2002లో వెలువడింది. అదే సంవత్సరం కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో వలేరీ ఫోకిన్, బ్యారీ షార్ప్‌లెస్‌ల బృందం స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని ప్రకటించింది. కాపర్ సల్ఫేట్, సోడియం ఆస్కార్బేట్ కలిస్తే ఏకసంయోజక రాగి అయాన్లు ఏర్పడతాయి. ఇవి చివరి త్రిబంధం గల ఆల్కైన్‌తో బంధం ఏర్పరచి చర్యను దశలవారీగా నడిపిస్తాయి. ఫలితంగా గది ఉష్ణోగ్రత వద్ద, నీరు కలిసిన ద్రావణిలో సైతం 1,4 సాదృశ్యకమే లభిస్తుంది. 2005లో రుథీనియం ఉత్ప్రేరకాలతో 1,5 సాదృశ్యకాన్ని పొందే మార్గమూ ఏర్పడింది.

రాగికీ ఒక పరిమితి ఉంది: జీవకణాలకు అది విషతుల్యం. పరిష్కారం మరో పాత పరిశీలనలో లభించింది. వలయ బిగువు వల్ల సైక్లోఆక్టైన్ ఫినైల్ అజైడ్‌తో అతి తీవ్రంగా చర్య జరుపుతుందని విట్టిగ్, క్రెబ్స్ 1961లోనే నమోదు చేశారు. 2004లో కరోలిన్ బెర్టోజీ ఆ బిగువునే ఆధారం చేసుకొని, రాగి లేకుండా జీవకణాలపై ఈ చర్యను నడిపింది.

బెర్టోజీ, మెల్డాల్, షార్ప్‌లెస్‌లకు నోబెల్ బహుమతి లభించేనాటికి హ్యూస్గెన్ జీవించి లేడు. 2020 మార్చిలో, 99వ ఏట మరణించాడు. రాగి ఉత్ప్రేరిత చర్యను ‘హ్యూస్గెన్ చర్య’ అని పిలవడం చర్యావిధానం దృష్ట్యా సరికాదు. అలాగని దానిని కేవలం ‘క్లిక్ చర్య’గా బోధిస్తే మైకేల్ ప్రయోగం, హ్యూస్గెన్ సిద్ధాంతం మరుగున పడతాయి. పరిశీలన, వివరణ, నియంత్రణ అనే మూడు దశలను వేరువేరుగా గుర్తించినప్పుడే ఈ చర్య చరిత్ర సమగ్రమవుతుంది.