గాడిద వేరు... కంచర గాడిద వేరు!

రజకుల బట్టల మూటలు, కుమ్మరుల బంకమట్టి, వడ్డెరల రాళ్లు మోస్తూ తరతరాలుగా పల్లెకు సేవ చేసిన మూగజీవి గాడిద. 'గాడిద చాకిరీ' అనే నుడికారం భాషలో నిలిచింది గానీ, ఆ చాకిరీ చేసిన జీవి మాత్రం వీధుల్లో అరుదైపోయింది. దానితోపాటే దానికి సంబంధించిన పదసంపదా మరుగునపడుతోంది. గాడిద, కంచర గాడిద ఒకటేనని భావించేవారు నేడు అనేకులు. వాస్తవానికి ఇవి రెండూ వేర్వేరు జంతువులు. పశుగణనలోనూ వీటిని వేర్వేరుగానే లెక్కిస్తారు.

విశేషణాలే ఆధారం

ఆవుకు ఎద్దు, గేదెకు దున్నపోతు, గొర్రెకు పొట్టేలు అంటూ ఆడ, మగ పశువులకు తెలుగులో విడివిడి పేర్లున్నాయి. గాడిద విషయంలో మాత్రం మగ గాడిద, ఆడ గాడిద, గాడిద పిల్ల అని విశేషణాలతో చెప్పడమే వాడుక. పొలం దున్నే ఎద్దుకూ, పాలిచ్చే ఆవుకూ పని వేరు కనుక పేర్లూ వేరయ్యాయి. గాడిదల్లో ఆడదైనా మగదైనా మోసేది బరువే.

సంస్కృతంలో పర్యాయపదాలకు కొదవ లేదు. చక్రీవంతము, వాలేయము, రాసభము, గర్దభము, ఖరము అని అమరకోశం ఐదు పేర్లు చెబుతోంది. ఆడ గాడిదను గర్దభి, రాసభి అంటారు. వేమన పద్యం పుణ్యమా అని 'ఖరము' చిన్న పిల్లలకు సైతం తెలిసిన మాట. అరవై తెలుగు సంవత్సరాల్లో ఒకదాని పేరు ఖర. 2011 ఉగాదితో ఆరంభమైనది ఆ సంవత్సరమే.

ఆంగ్లంలో మగ గాడిదను జాక్ అని, ఆడ గాడిదను జెన్నీ లేదా జెనెట్ అని వ్యవహరిస్తారు. పిల్ల ఏదైనా ఫోల్. అందులో మగదైతే కోల్ట్, ఆడదైతే ఫిల్లీ. పశువైద్య గ్రంథాలలో, ధ్రువపత్రాలలో ఈ పదాలే కనిపిస్తాయి.

తల్లి ఎవరు? తండ్రి ఎవరు?

మగ గాడిదకూ, ఆడ గుర్రానికీ పుట్టిన సంకర జంతువే కంచర గాడిద. ఆంగ్లంలో మ్యూల్, హిందీలో ఖచ్చర్. ఇందులో మగదానిని జాన్ అని, ఆడదానిని మోలీ అని పిలుస్తారు. తల్లిదండ్రులు తారుమారై, మగ గుర్రానికీ ఆడ గాడిదకూ పుడితే దానిని హిన్నీ అంటారు. దీనికి తెలుగు వాడుకలో వేరే పేరు స్థిరపడలేదు.

రెండింటికీ రూపంలోనూ తేడా ఉంది. గుర్రం గర్భంలో పెరిగిన కంచర గాడిద సాధారణంగా ఎత్తుగా, పొడవైన చెవులతో ఉంటుంది. హిన్నీ కాస్త చిన్నదిగా, పొట్టి చెవులతో గుర్రాన్ని తలపిస్తుంది. మగ గుర్రం వల్ల ఆడ గాడిద చూలు కట్టడం తక్కువ. అందువల్ల హిన్నీలు అరుదు. గాడిద సుమారు 12 నెలలు, గుర్రం సుమారు 11 నెలలు చూలు మోస్తాయి.

సంతానం ఎందుకు కలగదు?

గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం చేరడంతో సంకర జంతువుకు 63 వస్తాయి. ఈ బేసి సంఖ్య జతలుగా కుదరనందున బీజకణాలు సక్రమంగా ఏర్పడవు. అందుకే కంచర గాడిదలు దాదాపుగా గొడ్డువే. అవి ఈనిన సందర్భాలు ప్రపంచం మొత్తం మీద బహు స్వల్పం. 2003లో అమెరికాలోని ఇడాహో విశ్వవిద్యాలయంలో శాస్త్రజ్ఞులు క్లోనింగ్ ద్వారా 'ఇడాహో జెమ్' అనే కంచర గాడిదను పుట్టించారు.

ఈ సంగతి మన ప్రాచీనులకు తెలియనిది కాదు. సంస్కృతంలో కంచర గాడిద పేరు అశ్వతరము. గుర్రపుతనం కొంత తగ్గినదని పాణిని వ్యాకరణం ప్రకారం ఈ మాటకు అర్థం. ఛాందోగ్యోపనిషత్తులో జానశ్రుతి రైక్వునికి సమర్పించిన కానుకల్లో ఆడ కంచర గాడిదలు పూన్చిన రథం ఒకటి. అశ్వతరి గర్భం దాల్చితే అది దాని మరణానికేనన్న ఉపమానం మహాభారతంలో ఉంది.

కొండదారుల్లో కొండంత అండ

గుర్రం బలం, గాడిద ఓర్పు కలిసిన ఈ జంతువు కొండదారులకు ప్రసిద్ధి. భారత సైన్యం దశాబ్దాలుగా సరిహద్దు శిఖరాలకు సరుకులు చేరవేయడానికి వీటిని వినియోగించింది. కేదార్‌నాథ్ యాత్రకు వెళ్లిన తెలుగువారిని మోసిన వాటిలోనూ ఇవి ఎన్నో. 1985లో హరియాణాలోని హిస్సార్‌లో ఏర్పాటైన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, మేలైన కంచర గాడిదల ఉత్పత్తికి ఫ్రాన్స్‌కు చెందిన పోయితూ జాతి గాడిదలను ఉపయోగించింది.

తరిగిపోతున్న సంతతి

2012 పశుగణనలో దేశంలో 3.2 లక్షల గాడిదలుండగా, 2019 నాటికి అవి 1.2 లక్షలకు పడిపోయాయి. కంచర గాడిదలు 1.96 లక్షల నుంచి 84 వేలకు తగ్గాయి. ఆటోలు, ట్రాక్టర్లు రావడం ఇందుకు ఒక కారణం కాగా, అక్రమ వధ మరొకటి. ఆహార భద్రత నిబంధనలు అనుమతించిన మాంస జంతువుల జాబితాలో గాడిద లేదు. అయినా కోస్తా జిల్లాల్లో ఈ మాంసం రహస్య విక్రయాలు పలుమార్లు వెలుగుచూశాయి.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ పశుసంపద మిషన్‌ను సవరించి గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలు, ఒంటెల పెంపకానికి 50 శాతం రాయితీని, రూ.50 లక్షల పరిమితితో వర్తింపజేసింది. ఇక్కడ పేరు తేడా చిన్న విషయం కాదు. గాడిదలను సంతతి కోసం పెంచవచ్చు. కంచర గాడిదల మందను కొన్నవారికి ఆ మందలో పిల్లలు పుట్టవు. కొనేటప్పుడు ధ్రువపత్రంలో ఏ పేరు ఉందో చూసుకోవడం, పశుగణన సిబ్బంది వచ్చినప్పుడు సరైన పేరు నమోదు చేయించడం పెంపకందారులకు మేలు.

వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడని సామెత. అవసరం తీరాక దాని పేరైనా మరువకుండటం కనీస ధర్మం.